దాచిన నకలు: గని పటము నుండి స్నాప్‌షాటు వరకు

మానవుడు తన జ్ఞాపకమును నమ్మలేక వ్రాతను కనిపెట్టెను. వ్రాతను కూడ పూర్తిగా నమ్మలేక దానికి నకలు తీసికొనెను. తాటాకులకు చెదలు పట్టునని ఎరిగిన మన పూర్వులు గ్రంథములను మరల మరల వ్రాయించి వేర్వేరు ఊళ్ళలో భద్రపరచిరి. అయితే నకలు తీయుటలోనే మరియొక చిక్కు పుట్టినది. వ్రాయసకాడు ఒక పంక్తిని విడిచినచో ఆ లోపము తరువాతి ప్రతులన్నింటికి సంక్రమించెను. మూలము నశించిన పిదప ఆ పంక్తి ఎవరికిని దొరకదు. నకలు ఉన్నదన్న ధైర్యముతో మూలమును గూర్చి ఆదమరచి యున్నవారికి నష్టము ఇంకను ఎక్కువ.

భద్రతకై తీసిన నకలులో దోషము కలదేమో ముందుగా ఎట్లు కనుగొనవలెను? ఈ ప్రశ్నకు రెండు రంగములవారు తమ తమ అనుభవము నుండి సమాధానములు సంపాదించిరి. మొదటివారు బొగ్గు గనుల సర్వేయర్లు. రెండవవారు కోట్లకొలది పత్రములను క్షణములో వెదకిపెట్టు కంప్యూటర్ల సమూహములను నడుపువారు. వీరిద్దరి వృత్తులకు పోలిక లేకపోయినను చిక్కు మాత్రము ఒక్కటే. నిత్యము మారుచుండు వస్తువునకు ఒకానొక క్షణమున తీసిన నకలును ఎంతవరకు నమ్మవచ్చును?

గని పటము ఒక నకలే

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ అచ్చటి గనుల హక్కులను పొందినది. 1889లో త్రవ్వకము ఆరంభమైనది. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1960వ దశకమున రామగుండము వద్ద గనులు విస్తరించి, వాటి చుట్టును గోదావరిఖని పట్టణము పెరిగినది. నేడు ఈ కంపెనీలో తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటాలున్నవి.

గోదావరిఖనిలో కార్మికులు గనిని ‘బావి’ అని పిలుతురు. అచ్చట బొగ్గు పొరలు ఒకదానిక్రింద ఒకటిగా వాలుగా దిగియుండును. వాటికి పైనుండి వరుస సంఖ్యలున్నవి. ఒక పొరలో బొగ్గు తీసినచో అచ్చట సొరంగములు మిగులును. పని ముగిసి నీటిపంపులు ఆగిన వెంటనే భూగర్భజలము ఊరి ఆ ఖాళీలను నింపివేయును. పైన పొలములు, రోడ్లు, ఇండ్లు యథాప్రకారముగానే ఉండును. క్రింద ఎంత నీరు, ఎచ్చట, ఏ మట్టమున నిలిచియున్నదో కంటికి కానరాదు. దానిని చెప్పగలిగినది సర్వేయరు గీసిన పటము ఒక్కటే.

ఆ నీటి బలము సామాన్యమైనది కాదు. ప్రతి 10 మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుపై సుమారు 1 కిలోగ్రాము బరువుతో ఒత్తును. పాత సొరంగములలోని నీటి మట్టము పని స్థలము కంటె 60 మీటర్లు ఎత్తున ఉన్నచో, అడ్డుగా నున్న బొగ్గుగోడపై చదరపు మీటరునకు సుమారు 60 టన్నుల ఒత్తిడి పడును. గోడ పలుచబడినచో నీరు ఒక్కపెట్టున విరుచుకుపడును. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. నీటి ప్రమాదమన నేమో ఆ దినమున ఆ ప్రాంతమంతటికి తెలిసినది.

కావున గని పటమును గోడకు తగిలించు చిత్తరువుగా భావింపరాదు. అది భూమి క్రింద నున్న ఖాళీలకు కాగితముపై తీసిన నకలు. ఒక్కొక్క షిఫ్టు ముగియగానే సొరంగము కొంత ముందునకు జరుగును. అందుచే ఏ పటమైనను దానిపైనున్న తేదీనాటికి మాత్రమే సత్యము.

హీటన్ నుండి నిబంధనల వరకు

పటము లేనందున కలుగు అనర్థమును ప్రపంచమునకు చాటిన ఘటనలలో ముఖ్యమైనది ఇంగ్లండులో న్యూకాసిల్ సమీపమున జరిగినది. 1815 మే 3న హీటన్ గనిలో పనివారు త్రవ్వుచుండగా, ఏనాడో విడిచిపెట్టిన ప్రక్క గనిలోని నీరు గోడను చీల్చుకొని వచ్చెను. 75 మంది పెద్దలు, బాలురు మరణించిరి. పాత పనులు ఎంతదూరము వ్యాపించినవో నిశ్చయముగా తెలుపు పటము లేదు. ఆ గనిని పర్యవేక్షించుచున్న జాన్ బడిల్ ఆనాటి గని ఇంజనీర్లలో అగ్రగణ్యుడు. ఎంతటి నేర్పరికైనను, లేని పటమును చదువుట సాధ్యము కాదు గదా!

తరువాత బడిల్ వంటివారు గని పటములను ఒకచోట భద్రపరచవలెనని వాదించిరి. 1838లో బ్రిటిష్ శాస్త్రాభివృద్ధి సంఘము న్యూకాసిల్‌లో సమావేశమైనప్పుడు థామస్ సోప్‌విత్ ఈ విషయమును బలపరచెను. 1840లో లండనులో గనుల రికార్డు కార్యాలయము స్థాపింపబడినది. అయితే పటములిచ్చుట యజమానుల ఇష్టమునకే విడువబడినది. విడిచిపెట్టిన గనుల పటములను ప్రభుత్వమునకు అప్పగించి తీరవలెనను శాసనము 1872లో గాని రాలేదు. హీటన్ ప్రమాదము జరిగిన 57 సంవత్సరములకు!

మన దేశమున 1901లో గనుల చట్టము వచ్చినది. 1902లో గనుల తనిఖీ శాఖ ఏర్పడినది. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలలో పటముల విషయమున స్పష్టమైన ఆజ్ఞలుండెను. పటమును కనీసము మూడు నెలలకొకసారి సరిదిద్దవలెను. గనిని మూసివేసినప్పుడు పటపు నకలును తనిఖీ శాఖకు పంపవలెను. పాత పనులకు 60 మీటర్ల లోపలికి అనుమతి లేనిదే పోరాదు. అనుమతి లభించినను, త్రవ్వుచోటికి కనీసము 3 మీటర్లు ముందుగా బోరురంధ్రములు వేసికొనుచు పోవలెను.

ఈ చివరి నియమము గమనింపదగినది. పటము సరియైనదేయని పూర్తిగా నమ్మినచో బోరు వేయవలసిన పని లేదు. శాసనకర్తలు పటమును గౌరవించిరి, కాని దానినే నమ్ముకొని ఊరకుండలేదు. నకలు ఏమి చెప్పుచున్నదో చదువుము, తరువాత ఇనుప కడ్డీతో పొడిచి చూడుము అని వారి భావము.

ఆఖరు ప్రతి దొరకని గని

పటమున్నను ప్రమాదము జరుగునని 2002లో అమెరికా తెలిసికొన్నది. పెన్సిల్వేనియా రాష్ట్రమున క్వీక్రీక్ అను గని కలదు. దాని ప్రక్కన 1960వ దశకమున విడిచిపెట్టిన మరియొక గని నీటితో నిండియుండెను. క్వీక్రీక్ వారి చేతిలో ఆ పాత గని పటము ఉండెను. దాని ప్రకారము పాత సొరంగములు ఇంకను చాల దూరములో నున్నవి. 2002 జూలై 24 రాత్రి త్రవ్వకపు యంత్రము పాత గనిలోనికి చొచ్చుకుపోయినది. నీరు వెల్లువై వచ్చెను. తొమ్మిదిమంది బయటపడిరి. మరి తొమ్మిదిమంది భూమి క్రింద సుమారు 240 అడుగుల లోతున చిక్కుకొనిరి. పైనుండి వెడల్పైన బోరు వేసి 77 గంటల తరువాత అందరిని సజీవముగా పైకి తీసిరి.

విచారణలో తేలిన విషయమేమన, వారు వాడిన పటముపై తేదీ లేదు, ధ్రువీకరణ సంతకము లేదు. పాత గని మూతపడుటకు ముందు చివరి దినములలో త్రవ్విన భాగము అందులో లేదు. అసలైన ఆఖరు పటము 1964 నాటిది. అది సమీపమున విండ్‌బర్ అను ఊరిలోని బొగ్గు చరిత్ర ప్రదర్శనశాలలో పడియుండెను. అనగా సంపూర్ణమైన నకలు లోకములో ఉన్నది, కాని దానితో పనిబడినవారికి దాని జాడ తెలియలేదు.

ఈ చరిత్ర నుండి నకలును పరీక్షించుటకు నాలుగు ప్రశ్నలు లభించుచున్నవి. ఇది ఏ తేదీ నాటిది? ఇందులో అన్ని భాగములు కలవా? అవసరమైనప్పుడు దొరకు చోట ఉన్నదా? దీనిని నిజ వస్తువుతో సరిపోల్చి చూచినదెవరు? కంప్యూటర్ల యుగమున సరిగా ఈ నాలుగు ప్రశ్నలే మరల తలయెత్తినవి.

తెలుగు గ్రంథముల అనుభవము

నేడు గని పటములే గాక ముస్టరు, జీతపు లెక్కలు, పరీక్షా ఫలితములు, గ్రంథములు అన్నియు కంప్యూటర్లకు చేరినవి. నాటి చిత్తూరు జిల్లాలో 1937లో జన్మించి, 1994లో కంప్యూటరు శాస్త్రమున ట్యూరింగ్ బహుమతి పొందిన రాజ్ రెడ్డి, పది లక్షల గ్రంథములను కంప్యూటరులో చేర్చు యత్నమునకు మూలపురుషుడు. మన దేశమున అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా సాగినది. హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. అందులో పాల్గొన్నది. వేలకొలది పాత తెలుగు పుస్తకముల పుటలు చిత్రములుగా మారినవి.

ఈ యత్నములో రెండు చిక్కులు కనిపించినవి. తెలుగు గ్రంథముల పేర్లను ఆంగ్ల లిపిలో, ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా నమోదు చేసిరి. అందుచే పుస్తకమున్నను వెదకినవారికి దొరకని స్థితి కలిగెను. తరువాతి కాలమున ఆ జాలస్థలి అందుబాటులో లేకపోయినప్పుడు, ఆ గ్రంథములు పాఠకులకు మిగిలినది ఇంటర్నెట్ ఆర్కైవ్ అను అమెరికా సంస్థ వద్దకు నకళ్ళు చేరియున్నందుననే. దాచుట ఒక విద్య, దాచినదానిని వెదకిపట్టుట మరియొక విద్య. ఈ రెండును కలసిన చోటనే ఈనాటి శోధన యంత్రములు పనిచేయుచున్నవి.

వెదకు యంత్రము, దాని ముక్కలు

పాఠ్యపుస్తకము చివర నుండు విషయసూచికను విద్యార్థులు చూచియే యుందురు. ‘బొగ్గు: 12, 45, 78’ అని అందులో నుండును. పుటను చూచి పదములను చదువుటకు బదులు, పదమును చూచి పుటలను తెలిసికొనుటకు వీలగుటచే దీనిని విలోమ సూచిక అనవచ్చును. డగ్ కటింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఇట్టి సూచికలను నిర్మించు ‘లూసీన్’ అను కార్యక్రమమును వ్రాసి, 1999 ప్రాంతమున అందరికి ఉచితముగా అందించెను. షే బానన్ అనునతడు దానిని ఆధారముగా చేసికొని ‘ఎలాస్టిక్‌సెర్చ్’ను 2010లో విడుదల చేసెను. వంట నేర్చుకొనుచున్న తన భార్యకు వంటకములను వెదకిపెట్టు సాధనము చేయవలెనను తలంపుతో అతడు ఈ మార్గమున ప్రవేశించెను. 2021లో దీని శాఖగా ‘ఓపెన్‌సెర్చ్’ వెలువడినది.

ఒక కంప్యూటరులో పట్టనంత సమాచారమును పెక్కు కంప్యూటర్లకు పంచిపెట్టుట ఈ సాధనముల విశేషము. ఆ సమూహమునకు క్లస్టరు అని పేరు. అందులోని ఒక్కొక్క కంప్యూటరు నోడు. సూచికను ముక్కలు చేసి నోడులకు పంచెదరు. ఆ ముక్కకు షార్డు అని పేరు. ప్రతి ప్రధాన షార్డునకు మరియొక నోడులో ప్రతిరూపము నుంచుట పరిపాటి. ఒక నోడు చెడినను దాని పనిని ప్రతిరూపము సాగించును.

ఇచ్చట చాలమంది ఒక భ్రమకు లోనగుదురు. ప్రతిరూపమున్నది గదా, వేరే నకలెందులకని తలంతురు. నోడు చెడిపోవుట ఒక్కటే ప్రమాదమైనచో అది నిజమే. కాని ఎవరైనను పొరపాటున ఒక సూచికను తుడిచివేసినచో, ఆ ఆజ్ఞ ప్రతిరూపములకు కూడ అదే క్షణమున చేరును. తప్పును సైతము నమ్మకముగా అనుసరించుట ప్రతిరూపము ధర్మము. కావున నిన్నటి స్థితిని నిన్నటివలెనే నిలుపు వేరొక నకలు కావలెను. దానినే స్నాప్‌షాటు అందురు.

స్నాప్‌షాటు స్వభావము

ఒక క్షణమున వస్తువు ఉన్న స్థితిని చిత్రించుట అను భావము కంప్యూటరు నిల్వ పరికరములలో 1990వ దశకముననే వ్యాప్తిలోనికి వచ్చినది. ఎలాస్టిక్‌సెర్చ్ 2014లో వెలువడిన తన 1.0 రూపములో దీనిని చేర్చుకొన్నది. లూసీన్ తన సూచికను సెగ్మెంటులను చిన్న చిన్న ఫైళ్ళుగా వ్రాయును. ఒకసారి వ్రాసిన సెగ్మెంటు మరల మారదు. క్రొత్త పత్రములు వచ్చినచో క్రొత్త సెగ్మెంటు పుట్టును. కొన్ని చిన్నవి కలసి ఒక పెద్దదిగా తిరిగి వ్రాయబడును. అంతేగాని పాతదానిపై దిద్దుబాటు ఉండదు.

ఈ గుణము నకలు తీయువారికి వరము. ఆదివారమున 40 సెగ్మెంటులున్నవనుకొందము. వాటిని క్లస్టరుకు వెలుపలనున్న నిల్వస్థానమునకు చేర్చిరి. దీనికి రిపాజిటరీ అని పేరు. సోమవారము నాటికి క్రొత్తగా 3 సెగ్మెంటులు చేరినచో, రెండవ స్నాప్‌షాటుకు ఆ మూడింటిని మాత్రమే పంపిన చాలును. తక్కిన 40 ఇదివరకే అచ్చట నున్నవని ఒక జాబితాలో వ్రాసికొందురు. ఈ విధముగా ఒకే ఫైలు పెక్కు స్నాప్‌షాటులలో భాగమై యుండును.

దీనినుండి ఒక హెచ్చరిక గ్రహింపవలెను. చోటు చాలలేదని రిపాజిటరీలోని పాత ఫైళ్ళను చేతితో తుడిచినచో, పాత స్నాప్‌షాటే గాక నిన్నటిది కూడ చెడవచ్చును. ఏ ఫైలు ఎవరికి కావలెనో ఆ జాబితాకే తెలియును. తొలగింపు సమూహము ద్వారానే జరుగవలెను.

మరియొక విశేషము. స్నాప్‌షాటు అను పేరు క్షణచిత్రమని చెప్పుచున్నను, అన్ని షార్డుల చిత్రమును ఒకే క్షణమున తీయుట జరుగదు. ఆరంభవేళకు, ముగింపువేళకు నడుమ ఒక్కొక్క షార్డు తన తన క్షణమున పట్టుబడును. సర్వేయరు ఒక్కొక్క సొరంగమును ఒక్కొక్క దినమున కొలిచి, ఒకే పటమున గీయుట వంటిదే ఇది.

దోషములు, వాటి అర్థములు

స్నాప్‌షాటు విఫలమైనప్పుడు సమూహము ఒక దోషవార్తను తెలుపును. క్రొత్తవారు దానిని చూచి కలతపడి మరల మరల అదే ఆజ్ఞ నిత్తురు. అనుభవము గలవారు వైద్యుడు నాడి చూచునట్లు ఆ వార్తను మొదటినుండి చివర వరకు చదువుదురు. ముఖ్యమైన దోషములు నాలుగైదు రకములు.

మొదటిది, నిల్వస్థానము అందరికి అందకపోవుట. రిపాజిటరీని నమోదు చేయునప్పుడు సమూహము ఒక చిన్న పరీక్ష చేయును. అచ్చట ఒక ఫైలును వ్రాసి, నోడులన్నియు దానిని చూడగలుగుచున్నవా, తామును వ్రాయగలుగుచున్నవా అని విచారించును. ఒక్క నోడు విఫలమైనను దాని పేరుతో సహా తెలుపును. ఆ నోడులో ఉమ్మడి నిల్వస్థానము జతచేయబడకపోవచ్చును. లేక ఆ స్థానమును వాడుకొనుటకు అనుమతించు పంక్తి దాని అమరికలలో వ్రాయబడకపోవచ్చును. ఒక్కొక్కప్పుడు పేరు ఒక్కటైనను వాడుకరి సంఖ్య ఒక్కొక్క కంప్యూటరులో ఒక్కొక్క విధముగా ఉండుటచే అనుమతి నిరాకరింపబడును. రికార్డు గదికి అయిదుగురు గుమాస్తాలుండి, నలుగురి వద్దనే తాళపుచెవి యున్నట్లు!

రెండవది, అసంపూర్తి నకలు. స్నాప్‌షాటు ప్రధాన షార్డుల నుండి తీయబడును. ఒక ప్రధాన షార్డు ఆ సమయమున ఏ నోడులోను లేనిచో, అసంపూర్తికి ముందుగా అంగీకరించి యుండనిచో, స్నాప్‌షాటు మొత్తము విఫలమగును. అంగీకరించినచో దొరికినంతవరకు దాచి, ‘పార్షియల్’ అని గుర్తువేయును. ఈ మాటను చూడక ‘నకలు తీయబడినది’ అని సంతృప్తిపడుట, చివరి భాగము లేని క్వీక్రీక్ పటమును గోడకు తగిలించుట వంటిది. ఇచ్చట రోగము నకలులో లేదు, మూలములోనే యున్నది. ముందు ఆ షార్డును బ్రతికించి, తరువాత నకలు తీయవలెను.

మూడవది, ఒకే పుస్తకములో ఇద్దరు వ్రాయుట. రెండు సమూహములు ఒకే రిపాజిటరీలో వ్రాసినచో, ఒకదాని జాబితాను మరియొకటి చెరుపును. నిల్వస్థానపు స్థితి తానెరిగిన స్థితితో సరిపోవుటలేదని సమూహము మొరపెట్టును. దీనికి నివారణ సులభము. వ్రాయు అధికారము ఒక్కదానికే ఇచ్చి, రెండవదానికి చదువు అధికారము మాత్రమే ఇయ్యవలెను.

నాలుగవది, ఫైలు చెడిపోవుట. లూసీన్ ప్రతి ఫైలు చివర ఒక సరిచూపు సంఖ్యను వ్రాయును. ఫైలులోని అక్షరములన్నింటిపై ఒక లెక్క చేయగా వచ్చిన ఫలితమది. మరల లెక్కించినప్పుడు అదే సంఖ్య రానిచో, నడుమ ఎచ్చటనో ఒక బిట్టు మారినదని అర్థము. చిట్టాలో కూడికను రెండుసార్లు చూచుకొను వర్తకుని పద్ధతియే ఇది.

ఇవి గాక చోటు నిండుట, ప్రవేశపు రహస్యపదము గడువు తీరుట వంటి సామాన్య కారణములును కలవు. పైగా క్రొత్త రూపములో తీసిన స్నాప్‌షాటును పాత రూపపు సమూహములో తిరిగి నిలుపుట కుదరదు. మరీ పాతదానిని మిక్కిలి క్రొత్తదానిలో నేరుగా నిలుపుటయు సాధ్యము కాకపోవచ్చును.

ఈ దోషములన్నింటికి ఒక సుగుణము కలదు. అవి మాటలాడును. మాటలాడని దోషమే భయంకరమైనది. దానికి 2017 నాటి ఒక ఘటన నిదర్శనము.

వినబడని హెచ్చరిక

గిట్‌ల్యాబ్ అను సంస్థ కార్యక్రమ రచయితల వ్రాతలను భద్రపరచు పని చేయును. 2017 జనవరి 31న అచ్చటి ఇంజనీరు ఒకరు, రెండవ కంప్యూటరులో తుడువవలసిన సమాచారమును ప్రధాన కంప్యూటరులో తుడిచివేసెను. క్షణములలో పొరపాటును గ్రహించి ఆపినను, సుమారు 300 గిగాబైట్ల సమాచారములో అత్యధిక భాగము పోయినది. వెంటనే నకళ్ళకై వెదకిరి. రక్షణకు వేర్వేరు మార్గములు ఏర్పరచియుండిరి. ఒక్కొక్కటే పరిశీలింపగా ఏ ఒక్కటియు అక్కరకు రాలేదు.

ప్రతిదినము నకలు తీయవలసిన సాధనము 9.2 రూపమునకు చెందినది, సమాచారశాల 9.6 రూపములో నుండెను. ఈ భేదముచే నకలు తీయుట ప్రతిసారి విఫలమగుచుండెను. విఫలమైనప్పుడు ఆ వార్తను ఉత్తరము ద్వారా పంపు ఏర్పాటు కూడ ఉండెను. అయితే ఆ ఉత్తరములపై సరియైన ధ్రువీకరణ లేనందున, వాటిని స్వీకరించు కంప్యూటరు త్రోసిపుచ్చుచుండెను. హెచ్చరిక బయలుదేరినది, చేరలేదు. వార్త ఏదియు రాలేదు గనుక అంతయు క్షేమమని అందరు తలంచిరి.

చివరకు వారిని ఆదుకొన్నది వేరొక పనికై సుమారు ఆరు గంటల ముందు అనుకోకుండ తీసిన ఒక స్నాప్‌షాటు. దానినుండి సేవను పునరుద్ధరించిరి. ఆ ఆరు గంటల మార్పులు మాత్రము శాశ్వతముగా పోయినవి. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 క్రొత్త సభ్యుల వివరములు నష్టమైనవి. ఆ సంస్థ తన లోపములను దాచక, ఏ దినమున ఏమి జరిగినదో లోకమునకు వివరముగా ప్రకటించెను. హీటన్ తరువాత గని ఇంజనీర్లు నడచిన మార్గమిదియే. దోషమును బయటపెట్టినందువల్లనే తరువాతివారికి నియమము లభించినది.

బోరు వేసి చూచుట

పటమును నమ్మక ముందుగా బోరు వేయుటకు సాటియైన పని కంప్యూటరు రంగమున ఏది? నకలును తిరిగి నిలిపి చూచుట. ఖాళీగా నున్న మరియొక చిన్న సమూహములోనికి స్నాప్‌షాటును దించి, పత్రముల సంఖ్య సరిపోయినదా, తెలిసిన పదమును వెదకినచో తెలిసిన పత్రము వచ్చినదా అని పరీక్షింపవలెను. ఈ పరీక్షలో ఎంతకాలము పట్టినదో వ్రాసికొనవలెను. నకలు తీయుటకు ఒక గంట పట్టి, తిరిగి నిలుపుటకు మూడు దినములు పట్టినచో, ఆ మూడు దినములు ప్రజలు ఏమి చేయుదురు?

దీనితోపాటు వార్తల విషయమున ఒక మెలకువ కావలెను. ‘దోషము కలిగినచో తెలుపుము’ అన్న ఏర్పాటు చాలదు. ‘క్షేమముగా ముగిసినచో కూడ తెలుపుము’ అనవలెను. అప్పుడు ఏ దినమైనను వార్త రాకపోవుటయే హెచ్చరిక యగును. గనిలోనికి దిగిన ప్రతి మనిషి పేరును ముస్టరులో వ్రాసి, షిఫ్టు చివర తిరిగి లెక్కించు ఆచారము ఈ సూత్రముపైననే ఆధారపడియున్నది. పైకి రాని మనిషి తాను రాలేదని వచ్చి చెప్పలేడు. లెక్కలో తగ్గిన సంఖ్యయే ఆ మాట చెప్పవలెను.

ఈ సూత్రమును ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక పుట పాఠమును మొదటి విద్యార్థి చూచి వ్రాయవలెను. రెండవవాడు మొదటివాని ప్రతిని, మూడవవాడు రెండవవాని ప్రతిని చూచి వ్రాయవలెను. ఇట్లు పదిమంది వ్రాసిన తరువాత పదవ ప్రతిని మూలముతో పోల్చి తప్పులను లెక్కించవలెను. రెండవసారి ప్రతి పంక్తి చివర ఆ పంక్తిలోని పదముల సంఖ్యను కూడ వ్రాయించి, తరువాతివాడు తాను వ్రాసిన పదములను లెక్కించి ఆ సంఖ్యతో సరిచూచుకొనునట్లు చేయవలెను. విడిచిన పదములు చాలవరకు వెంటనే పట్టుబడును. కాని ఒక పదమునకు బదులు మరియొక పదము వ్రాసినచో ఈ లెక్క పట్టలేదు. ఏ పరీక్షకు ఎంత శక్తి కలదో, ఎచ్చట దాని హద్దు ఆగుచున్నదో విద్యార్థులు స్వయముగా గ్రహింతురు.

1815లో కావలసిన పటము లేదు. 2002లో పటమున్నను అది ఆఖరుది కాదు. 2017లో హెచ్చరిక పుట్టినను చేరలేదు. సాధనములు మారినకొలది లోపము చోటు మార్చుకొనుచు వచ్చినది. అందుచే నకలు తీసినవాని పని తీయుటతో ముగియదు. దానిపై తేదీ వేసి, సంపూర్ణమగునో కాదో చూచి, వేరొక చోట భద్రపరచి, ఆపద లేని దినముననే దానిని ఒకసారి తిరిగి నిలిపి చూచినప్పుడే ఆ పని పూర్తియగును.